ఉరుము చప్పుడు నుంచి పిడుగు పటం దాకా



మన నల్లగొండ, పాలమూరు సీమలో ఎండకాలం చివర మొగులు పట్టిందంటే మనసులో రెండు తలపులు ఒకేసారి కలుగుతవి. ఒకటి సంతోషం. రోహిణి పోయి మృగశిర, అంటే మన మిరుగం, వస్తున్నది. నాలుగు మంచి వానలు పడితే చెలకలో పత్తి పెట్టుకోవచ్చును, ఆముదమో జొన్నో వేసుకోవచ్చును. రెండవది భయం. ఆ మొగులులోనే పిడుగు కూడా వున్నది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 సంవత్సరంలో మన దేశంలో ప్రకృతి వైపరీత్యాల వల్ల 8,060 మంది చనిపోయినారు. అందులో 2,887 మంది పిడుగుపాటుకు పోయినవారే. వారిలో చాలామంది మనవంటివారు. చేనులో కలుపు తీస్తూ, జీవాలను కాస్తూ, వానకు చెట్టు కిందికి చేరి ప్రాణం పోగొట్టుకున్నవారు.

పిడుగు ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పరాదా అని ఊర్లలో అడుగుతుంటరు. న్యాయమైన ప్రశ్నే. కాని దానికి జవాబు దొరకాలంటే ముందు ఇంకొక ప్రశ్నకు జవాబు కావాలె. ఇప్పుడే పడిన పిడుగు ఎక్కడ పడ్డదో మనిషి ఎట్లా తెలుసుకోగలిగినాడు? కంటికి కనపడనంత దూరాన, చెవికి వినపడనంత దూరాన పడ్డ పిడుగును పటం మీద చుక్కగా ఎట్లా పెట్టగలిగినాడు? ఆ చరిత్రనే ఇప్పుడు మనవి చేస్తాను. ఇందులో రేడియో వున్నది, యుద్ధం వున్నది, తగలబడిన అడవులు వున్నవి, మన షాద్‌నగర్ కూడా వున్నది.

చెవితో తీసిన లెక్క

మొదట మనిషి చేతిలో వున్న సాధనాలు కన్నూ చెవీ మాత్రమే. మెరుపు వెలుగు కంటికి అప్పటికప్పుడే కనపడుతుంది. ఉరుము చప్పుడు మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున నడిచి వస్తుంది. అంటే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. మెరిసిన తర్వాత తొమ్మిది అంకెలు నిదానంగా లెక్కపెట్టేసరికి ఉరుము వినపడితే, పిడుగు మూడు కిలోమీటర్ల దూరాన వున్నట్లు. ఈ లెక్కకు ఏ యంత్రమూ అక్కర లేదు. చదువు రాని వారు కూడా చేయగలరు.

ఐతే దీనికి ఒక హద్దు వున్నది. ఉరుము పదిహేను ఇరవై కిలోమీటర్లకు మించి సాధారణంగా వినపడదు. దేవరకొండలో ఉరిమితే మిర్యాలగూడలో తెలియదు. మన పెద్దలు ఉరుము వినగానే అర్జునుని పేర్లు తలచుకునేవారు. భయం తీరడానికి అది చాలును. పక్క తాలూకాకు కబురు పంపడానికి చాలదు.

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. వాతావరణ కేంద్రంలోని పరిశీలకుడు ఉరుము విన్న రోజున పుస్తకంలో ‘ఉరుము దినం’ అని గుర్తు పెట్టుకునేవాడు. ఒక్క ఉరుము విన్నా ఒక దినమే, రాత్రంతా ఆకాశం దద్దరిల్లినా ఒక దినమే. ఇటువంటి పుస్తకాలనే దేశదేశాల నుంచి సేకరించి ప్రపంచ వాతావరణ సంస్థ 1950లలో ప్రపంచమంతటి ఉరుము దినాల పటాలు అచ్చు వేసింది. ఏ సీమలో ఏడాదికి ఎన్ని రోజులు ఉరుముతుందో ఆ పటాలు చెప్పినవి. కరెంటు స్తంభాలు, తీగలు వేసే ఇంజనీర్లకు అవి మంచి ఆధారమైనవి. కాని చేనులో వున్న మనిషికి కావలసింది ఏడాది లెక్క కాదు. ఈ సాయంత్రం, ఈ గంటలో, ఏ దిక్కున అన్నది కావాలె. అది చెవి చెప్పలేకపోయింది.

రేడియోలో గరగర

ఊరి పెద్దవారికి జ్ఞాపకం వుండి వుంటుంది. పంచాయతీ రేడియో దగ్గర పదిమంది కూర్చొని వ్యవసాయ కార్యక్రమం వింటూ వుంటే, ఎండకాలపు సాయంత్రాలు ఒక్కసారిగా గరగరమని చప్పుడు వచ్చేది. బయటికి పోయి చూస్తే మొగులు కూడా కనపడేది కాదు. పెట్టె చెడిపోయిందని దాని నెత్తిన ఒక దెబ్బ వేసేవారు. నిజానికి రేడియో చెడిపోలేదు. ఎక్కడనో వంద మైళ్ళ అవతల మెరిసిన మెరుపును అది విన్నది.

దీని మర్మం ఇది. పిడుగు పడినప్పుడు కంటిరెప్ప వేసేంత కాలం కూడా పట్టకుండా సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు నేలకు దిగుతుంది. అంత కరెంటు అంత తొందరగా పారితే దాని చుట్టూ రేడియో అలలు పుడతవి. చెరువులో రాయి వేస్తే అలలు నాలుగు దిక్కులా పోయినట్లే ఇవీ పోతవి. ఐతే ఇవి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతవి. వీటిలో అతి తక్కువ పౌనఃపున్యం గల అలలు నేలకూ, పైన ఆకాశంలో వుండే విద్యుత్ పొరకూ మధ్య వేలాది కిలోమీటర్లు సాగిపోగలవు. అంటే ప్రతి పిడుగూ తాను పడినట్లు లోకానికంతా చాటింపు వేసుకుంటున్నది. వినే సాధనం మాత్రమే తక్కువైంది.

ఆ సాధనం మొదట రష్యా దేశంలో తయారైంది. అలెగ్జాండర్ పొపోవ్ అనే శాస్త్రజ్ఞుడు 1895లో ఒక గాజు గొట్టంలో ఇనుప రజను పోసి, దానికి గంటను జతపరచినాడు. దూరాన మెరుపు మెరవగానే రజను రేణువులు ఒకటితో ఒకటి అతుక్కొని కరెంటును పోనిచ్చేవి. గంట మోగేది. గంట కొట్టే సుత్తే వెనుకకు వచ్చి గొట్టానికి తగిలి రజనును మళ్ళీ విడదీసేది. ఇట్లా అది తర్వాతి మెరుపుకు సిద్ధమయ్యేది. ఆ వేసవిలోనే సెయింట్ పీటర్స్‌బర్గులోని అటవీ విద్యాలయంలో ఈ పరికరం మెరుపులను కాగితం మీద నమోదు చేసింది. రేడియోలో మనిషి మాట వినపడడానికి ఎన్నో ఏండ్ల ముందే పిడుగు మాట వినపడిందన్నమాట.

పొపోవ్ గంట ‘పడ్డది’ అని చెప్పింది. ‘ఏ దిక్కున’ అని చెప్పలేదు. ఆ పని ఇంగ్లండులో సాగింది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నప్పుడు 1915లో రాబర్ట్ వాట్సన్ వాట్ అక్కడి వాతావరణ శాఖలో చేరినాడు. ఉరుముల మేఘాలు ఎటు వున్నవో విమానం నడిపేవారికి ముందే చెప్పాలని ఆయన ప్రయత్నం. అలను పట్టే తీగచుట్టను తిప్పుతూ ఏ దిక్కుకు తిప్పితే చప్పుడు మారుతుందో చూసేవారు. కాని మెరుపు గరగర రెప్పపాటులో వచ్చి పోతుంది. చుట్టను తిప్పేలోగా అది అయిపోయేది. అందుకని 1920లలో ఆయన ఒకదానికొకటి అడ్డంగా రెండు తీగచుట్టలు నిలిపి, వాటిని గాజు తెర గల గొట్టానికి కలిపినాడు. మెరుపు మెరవగానే తెర మీద వెలుగు గీత పడి దిక్కును చూపేది. ఆయనే 1935లో రేడియో అలలతో విమానాన్ని కనిపెట్టే రాడార్‌కు పునాది వేసినాడు. ఇవ్వాళ వాన మేఘాలను చూపే రాడార్లన్నీ ఆ తరువాతి సంతానమే. పిడుగును వెతకబోయిన విద్య దేశాల రక్షణకు పనికివచ్చింది.

గీతలు కలిసిన చోటు

ఒక్క కేంద్రం దిక్కు మాత్రమే చెబుతుంది, చోటు చెప్పలేదు. దీనికి మన ఊరి ఉపాయమే ఒకటి వున్నది. రాత్రి ఎక్కడనో మంట కనపడితే ఈ ఊరి కావలివాడు ఒక దిక్కు చూపుతాడు, పక్క ఊరివాడు ఇంకొక దిక్కు చూపుతాడు. ఇద్దరూ చూపిన దిక్కులకు పటం మీద గీతలు గీస్తే, అవి కలిసిన చోటే మంట వున్నది. పిడుగుకూ ఇదే లెక్క.

అమెరికాలో క్రైడర్, నాగిల్, యూమన్ అనే ముగ్గురు 1976లో ఈ విద్యకు కొత్త రూపం ఇచ్చినారు. మెరుపుల్లో ఎక్కువ భాగం మేఘంలోనే మెరిసి మేఘంలోనే ఆరిపోతవి. నేలను తాకేవి తక్కువ. ఈ రెంటి అలల రూపం వేరు. నేలకు దిగిన పిడుగు అలను దాని రూపాన్ని బట్టి ఏరి పట్టుకొనే పరికరం వారు చేసినారు. ఆ దేశపు పడమటి రాష్ట్రాలలో, అలాస్కాలో పిడుగులు పడి అడవులు కాలిపోయేవి. పిడుగు పడిన చోటు వెంటనే తెలిస్తే మంట పెరగకముందే ఆర్పవచ్చునని అటవీ శాఖలవారు ఈ పరికరాలు పెట్టించుకున్నారు. 1989 నాటికి ఆ దేశమంతటికీ పిడుగుల పటం అందుబాటులోకి వచ్చింది.

ఆ తర్వాత దిక్కుతో పాటు సమయం కూడా సాధనమైంది. ఒకే పిడుగు అల దగ్గర వున్న సెన్సారుకు ముందు చేరుతుంది, దూరాన వున్నదానికి తర్వాత చేరుతుంది. ఆ తేడా అతి స్వల్పం. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగంలో అల 300 మీటర్లు పోతుంది. మూడు నాలుగు చోట్ల అల చేరిన సమయాలను పోల్చి చూస్తే పడిన చోటు తేలుతుంది. గడియారం ఆ ఒక్క భాగం తప్పితే చోటు 300 మీటర్లు తప్పుతుంది. ఇంత ఖచ్చితమైన గడియారాలు ప్రతి కేంద్రంలో పెట్టడం ఒకప్పుడు చాలా కష్టం. 1990లలో జీపీఎస్ ఉపగ్రహాల సమయం అందరికీ అందినాక అది సులభమైంది. అక్కడి నుంచి పిడుగుల పటాలు దేశదేశాలకూ వ్యాపించినవి.

మన దగ్గరికి వచ్చిన విధం

ఇక మన సీమకు వద్దాము. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో 1979 నుంచి ఉపగ్రహాల చిత్రాలు అందుకునే భూకేంద్రం వున్నది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. ఆ కేంద్రాన్ని నడిపే సంస్థే హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. అది ఇస్రోలో భాగం. చెరువులు, పంటలు, కరువు మొదలైనవాటిని ఆకాశం నుంచి చూసిన ఈ సంస్థ ఇటీవలి ఏండ్లలో నేల మీద కూడా పిడుగు సెన్సార్లు నిలిపి, ఆ సమాచారాన్ని భువన్ అనే తన పటాల వేదికలో పెట్టింది. 2025లో ఉపగ్రహ సమాచారం ఆధారంగా సుమారు రెండున్నర గంటల ముందే పిడుగుల సూచన ఇచ్చే పద్ధతిని కూడా ఇస్రో ప్రకటించింది.

దేశంలో ఇంకొక వల కూడా వున్నది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ 2014లో మహారాష్ట్రలో 20 సెన్సార్లతో పని మొదలుపెట్టి, ఆ వలను ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఆ సమాచారంతోనే దామిని అనే మొబైల్ యాప్ తయారైంది. మనం వున్న చోటుకు 20 కిలోమీటర్ల లోపల, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే అది హెచ్చరిస్తుంది.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక సంగతి మనం మరువరాదు. అక్కడ కూడా పిడుగు సెన్సార్లు పెట్టుకున్నారు. 2018 ఏప్రిల్ 24న 13 గంటల కాలంలో 36,749 పిడుగులు నమోదైనవని అక్కడి విపత్తు నివారణ అధికారులు ప్రకటించినారు. ఒక్కొక్కటీ లెక్కకు వచ్చింది. అయినా ఆ రోజు మొదలుకొని 9 మంది పిడుగుపాటుకు చనిపోయినట్లు ఆ వారమే వార్తలు వచ్చినవి. అందులో తొమ్మిదేండ్ల ఆడపిల్ల కూడా వున్నది.

ఈ ఒక్క సంగతిలో నేను చెప్పదలచుకున్నదంతా వున్నది. పొపోవ్ గంట నుంచి షాద్‌నగర్ దాకా నూట ముప్పయి ఏండ్లు మనుషులు కష్టపడి పిడుగు పడ్డ చోటు తెలుసుకున్నారు. ఇంగ్లండులో విమానాల కోసం, అమెరికాలో అడవుల కోసం ఆ తెలివి పుట్టింది. మన దేశంలో అది చేనులో నిలబడ్డ మనిషి కోసం కావాలె. వార్త వేల కిలోమీటర్లు రెప్పపాటులో దాటి వస్తున్నది. ఊరి నుంచి చెలక దాకా వున్న ఆఖరి రెండు కిలోమీటర్లు మాత్రం దాటడం లేదు. ఆ రెండు కిలోమీటర్లూ శాస్త్రజ్ఞుల పని కాదు. అది మన పని.

పటం చెప్పేది, చెప్పనిది

పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం అనే సామెత వున్నది. పటాన్ని కూడా అట్లా వాడరాదు. పిడుగు పటం పడిన పిడుగును చూపుతుంది. పడబోయేదాన్ని చూపదు. మేఘం పెరిగి మొదటి పిడుగు నేరుగా మన మీదనే పడితే పటం ఏమీ చేయలేదు. కాని మేఘం సాధారణంగా ఒక దిక్కు నుంచి కదిలి వస్తుంది. అచ్చంపేట వైపు పడుతున్న పిడుగులు కల్వకుర్తి వైపు వస్తున్నవని తెలిస్తే మనకు అరగంటో గంటో చిక్కుతుంది. చోటులో కూడా కొంత తేడా వుంటుంది. కొన్ని వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా తప్పవచ్చును. మా చేను మీద చుక్క లేదు కనుక భయం లేదు అనుకోవడం సరికాదు.

లెక్కల విషయంలో కూడా జాగ్రత్త కావాలె. దేశంలో 2019-20లో సుమారు 1 కోటి 38 లక్షలు, 2020-21లో సుమారు 1 కోటి 85 లక్షల పిడుగులు నమోదైనవని ఒక వార్షిక నివేదిక చెప్పింది. పిడుగులు పెరిగి వుండవచ్చును. వినే చెవులు పెరిగినా లెక్క పెరుగుతుంది. ఊరిలో వానకొలత డబ్బా కొత్తగా పెట్టిన ఏడు నుంచే వానలు మొదలైనవని ఎవరూ అనరు గదా!

ఆఖరి రెండు కిలోమీటర్లు

ఇక మన పని చెబుతాను. ప్రతి రైతు వేదిక పరిధిలో, ఏప్రిల్ నుంచి మిరుగం దాటేదాకా, మళ్ళీ వానకాలం చివర, మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దుగూకేదాకా దామిని చూసే బాధ్యత ఇద్దరు యువకులు తీసుకోవాలె. ఒకరు ఊరికి పోతే ఇంకొకరు చూస్తరు. 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నవంటే పంచాయతీ మైకులో చెప్పాలె. మైకు వినపడని చెలకలకు డప్పు వున్నది, ఈల వున్నది. కలుపు తీసే ఆడవారిలో చాలామంది ఫోను ఇంట్లో పెట్టి వస్తరు. కూలికి పిలిచిన రైతు దగ్గర ఫోను వుంటే, వారి ప్రాణాల పూచీ కూడా ఆయనదే.

గొల్ల కురుమ సోదరులకు ముఖ్యంగా చెప్పవలసి వున్నది. మందతో పాటు చెట్టు కింద నిలబడవద్దు. పిడుగు చెట్టు మీద పడితే కరెంటు నేలలో పాకి, ఒకదానినొకటి ఆనుకున్న జీవాలను ఒక్కసారిగా పడగొడుతుంది. మందను పల్లపు నేలకు తోలి, మీరు మందకు ఎడంగా వుండండి. కల్లు గీసే గౌడ సోదరులు ఉరుము వినపడితే ఆ పూట మోకు వేయరాదు. ఎక్కి వుంటే వెంటనే దిగి రావాలె. బాయి కాడ మోటరు స్టార్టరును ముట్టరాదు. పైకప్పు లేని ట్రాక్టరు మీద కూర్చోరాదు.

మెరుపుకూ ఉరుముకూ నడుమ ముప్పయి అంకెల కంటే తక్కువ వుంటే పక్కా ఇంట్లోకి గాని, తలుపులు మూసిన కారు, బస్సు లోపలికి గాని పోవాలె. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. ఎక్కడా ఆశ్రయం లేకపోతే చెట్టుకూ స్తంభానికీ దూరంగా, రెండు పాదాలు దగ్గరికి చేర్చి గొంతుక్కూర్చోవాలె. నేల మీద పడుకోరాదు. పిడుగు తగిలిన మనిషి వంట్లో కరెంటు నిలిచి వుండదు. భయపడకుండా ముట్టుకోవచ్చును. స్పృహ లేక ఊపిరి ఆగితే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరి చేత 108కు ఫోను చేయించాలె. పిడుగు తగిలి ఊపిరి ఆగిన వారు కూడా వెంటనే సాయం అందితే బతికిన సందర్భాలు వున్నవి.

విస్తరణ మిత్రులకు ఒక మాట. రైతు వేదికలో ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ పరిధిలో పిడుగు ఎప్పుడు, ఎక్కడ పడ్డది, అది పడ్డది చెట్టు మీదనా, బాయి కాడనా, బోడు మీదనా, అక్కడ ఎవరు వున్నరు, ఏ పని చేస్తున్నరు, హెచ్చరిక అందిందా లేదా అన్నది రాయండి. సెన్సారు పిడుగు చోటు రాస్తుంది. ఆ చోట మనిషి ఎందుకు నిలబడి వున్నాడో రాయలేదు. రెండేండ్లు ఈ పుస్తకం నిలిపితే మీ ఊరికి ఏ గుట్ట ప్రమాదమో, ఏ వేళ ప్రమాదమో, ఎవరికి కబురు అందడం లేదో తెలుస్తుంది. వాతావరణ శాఖ పరిశీలకుడు ఉరుము దినాల పుస్తకంతో మొదలుపెట్టిన లెక్కకు మన ఊరి పుస్తకం ఇంకొక పేజీ అవుతుంది. ఈ మిరుగానికి ముందే ఆ పుస్తకం మొదటి పేజీ తెరవండి.